వెనక వరస పిల్లనగ్రోవి

నిడదవోలులో కాలవ పక్క గుడి క్వయరుకి చుట్టుపక్కల మంచి పేరుంది. నాలుగు గొంతుల వరసలు, తెల్ల అంగీలు, నల్ల అట్టల పాటల పుస్తకాలు, చంద్రరావు మాస్టారి చెయ్యి లేస్తే లేచి, దిగితే దిగే ముప్ఫై రెండు నోళ్ళు. గుడి గోడల మధ్య పాడినంతసేపూ వాళ్ళకి తిరుగులేదు. ఎటొచ్చీ ఏడాదికోసారి, ఈస్టర్ తెల్లవారుజామున, గుడి నుంచి సమాధుల తోట దాకా పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్ళాలి. తంటా అంతా అక్కడే వస్తుంది.

ముందు క్వయరు, దాని పక్కన రిక్షాలో హార్మోనియం, వెనకాల మూడు వందల మంది సంఘం. దారిలో కాలవ వంతెన, దాని తరవాత రైలు గేటు. జంక్షన్ ఊరు కావటాన గేటు పడని పూటంటూ ఉండదు. హార్మోనియం మోత పదో వరస దాటి రాదు. ముందువాళ్ళు తోటలోకి చేరి ఆమెన్ అంటూంటే వెనకవాళ్ళు గేటు దగ్గర రెండో చరణంలో ఉంటారు, అదీ ఒక మెట్టు కిందికి జారిపోయి. వాకిట్లో కళ్ళాపి చల్లుకునే ఆడవాళ్ళు, "మీ పాట రెండు ముక్కలుగా వస్తుందేంటండీ?" అని మర్యాదగానే అడుగుతారు. మాస్టారికి ఆ మర్యాదే ఎక్కువ మండుతుంది.

రత్నమాణిక్యం నడిచేది ఆ వెనక ముక్కలో. గుడికి ఎదురుగా ఆమెది రేకు పని కొట్టు. నూనె డబ్బాలు కత్తిరించి గరాట్లు, చేటలు, కోళ్ళకి నీళ్ళ తొట్లు చేస్తుంది. చిల్లులు పడ్డ బిందెలకి మాట్లు వేస్తుంది. నలభై ఆరేళ్ళ మనిషి, గట్టి చేతులు, నెమ్మదైన మాట. ఈ ఏడాది, అంటే తొంభై ఎనిమిదిలో, వెనక ముక్కని ముందు ముక్కకి అతికించే ఉపాయం ఒకటి ఆమెకి తోచింది. డబ్బా రేకుని ఇనప ఊచకి చుట్టి, అతుకు మీద మాటు పోసి, నోటి దగ్గర చీలిక కోసి టేకు బిరడా బిగించి, ఆరు బెజ్జాలు తొలిచి జానెడున్నర పిల్లనగ్రోవి చేసింది. మాస్టారి మనవరాలు లావణ్య కాలేజీకి వెళ్ళే ముందు రోజూ తెల్లారగట్ల గుళ్ళో హార్మోనియం సాధన చేస్తుంది. రత్నమాణిక్యం కొట్లో కూచుని ఆ స్వరాలు వింటూ, ఒక్కొక్క బెజ్జాన్నీ ఆకురాయితో కొంచెం కొంచెంగా పెద్దది చేస్తూ నెల రోజులు కుస్తీ పట్టింది. ఊదితే ఆ మోత కాలవ అవతలి గట్టుకి వినిపిస్తుంది.

లావణ్య తాతగారి చెవిన వేసింది. ఆయన తీసిపారెయ్యలేదు. "గురువారం మధ్యాహ్నం ప్రాక్టీసుకి తీసుకురమ్మను, వింటాను" అన్నారు.

గురువారం మూడు గంటలకి రత్నమాణిక్యం చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని, కొట్లో మేకుకి తగిలించిన పిల్లనగ్రోవి తీసుకుని రోడ్డు దాటింది. ఏప్రిల్ ఎండ. గుడి కిటికీలన్నీ తెరిచినా గాలి లేదు. ముప్ఫై ఇద్దరూ పుస్తకాలతో విసురుకుంటున్నారు. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, పాటని కూడా లెక్కలాగే చూస్తారు. సరిపోతే సరిపోయింది, లేకపోతే తప్పు. మధ్యస్తంగా మార్కులు వెయ్యటం ఆయన చేత కాదు.

"ఈస్టర్ కీర్తన మొదటి వరస ఊదమ్మా. లావణ్యా, నువ్వు కూడా పట్టు."

రత్నమాణిక్యం ఊదింది. వేళ్ళు తడబడలేదు. కానీ వరస చివర స్వరం నిలిపి పట్టినప్పుడు హార్మోనియానికీ దానికీ మధ్య ఏదో వణుకు పుట్టింది. ఆమెకీ వినిపించింది. సన్న గొంతుల వరసలో ఒకమ్మాయి చెవి మూసుకుంది.

"మళ్ళీ ఒకసారి" అన్నారు మాస్టారు. మళ్ళీ అదే వణుకు. మూడోసారీ అంతే.

"పైకుంది" అన్నారాయన. "కొంచెం కాదు, బాగా పైకుంది. నీ తప్పేం లేదు రత్నం, రేకు సంగతే అంత. గరాట్లకీ చేటలకీ బాగుంటుంది గానీ పాటకి పనికిరాదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు అటు ఉరిమి చూసి, మళ్ళీ ఇటు తిరిగి, "ఆదివారం ఆరాధనలో మటుకు ఇది బయటికి తియ్యకు. మనకి ఉన్న ఇబ్బంది చాలు" అన్నారు.

"అలాగేనండి" అంది రత్నమాణిక్యం.

రోడ్డు దాటి కొట్లోకి వచ్చి కూచున్నాక గానీ ఆమెకి కోపం రాలేదు. వచ్చాక మాత్రం బాగానే వచ్చింది. తనని పనికిరాదంటే సర్దుకునేదే. ఆయన రేకుని అన్నారు. పైగా నెల రోజులు చెవి పెట్టి విని, కలిసిందని రూఢి చేసుకున్న స్వరం మూడు గంటల వేళ ఎందుకు కలవకుండా పోయిందో ఆమెకి అంతు చిక్కలేదు. కోపం కంటే అదే ఎక్కువ తొలిచింది.

మర్నాడు గుడ్ ఫ్రైడే. తెల్లారగట్ల కొట్టు తలుపు తీసేసరికి ఎదురుగా లావణ్య సాధన మొదలెట్టింది. రత్నమాణిక్యం పంతానికి పోయి పిల్లనగ్రోవి తీసి అదే వరస ఊదింది. చివరి స్వరం నిలిపి పట్టింది. వణుకు లేదు. రెండూ ఒకటే స్వరంగా కలిసిపోయాయి. గుళ్ళో లావణ్య కూడా గమనించినట్టుంది, ఆ మెట్టు మీద వేలు తియ్యకుండా అలాగే ఉంచింది. ఇద్దరూ రోడ్డుకి చెరోవైపు నుంచి ఊపిరి ఉన్నంతసేపు పట్టారు.

ఆమె పిల్లనగ్రోవిని మేకుకి తగిలించి కుంపటి రాజేసింది. గుడ్ ఫ్రైడే నాడు పని పెట్టుకోదు గానీ, శ్యామలాంబ పెద్దమ్మ మంచినీళ్ళ బిందె అడుగు కారుతుంటే కాదనలేకపోయింది. బొగ్గులు ఎర్రబడ్డాక మాటు కడ్డీ కాల్చి, అతుకు పట్టడానికి నవసాగరం రాసి, చిల్లు మీద తగరం పోసి అద్దింది. అరగంట పని. గుళ్ళో హార్మోనియం ఇంకా మోగుతూనే ఉంది. చెయ్యి తుడుచుకుని మళ్ళీ పిల్లనగ్రోవి అందుకుంటే అది వేళ్ళకి వెచ్చగా తగిలింది. మేకు సరిగ్గా కుంపటి పైన ఉంది.

ఊదింది. వణికింది. నిన్నటి వణుకే.

రత్నమాణిక్యం తల తిప్పి కుంపటి వైపు చూసింది. తరవాత పిల్లనగ్రోవిని తొట్లో నీళ్ళలో ముంచి, విదిలించి, తుడిచి, మళ్ళీ ఊదింది. కలిసింది. కుంపటి మీద అటూ ఇటూ కాచి ఊదింది. పైకి పోయింది. మళ్ళీ ముంచింది. అలా నాలుగుసార్లు చేసి, ఒక్కతే కూచుని పెద్దగా నవ్వుకుంది. పాతికేళ్ళుగా వేడి రేకుతో బతుకుతూ, వేడికి ఏదీ ఉన్నట్టు ఉండదని తెలిసి కూడా, చల్లటి పూట కొలత తీసి ఎండ వేళ పరీక్షకి వెళ్ళింది. ఇంకెవరన్నా చేసుంటే ఆ తప్పుకి తనే ముందు నవ్వేది.

ఉన్నపళంగా వెళ్ళి మాస్టారిని గుడి వసారాలో పట్టుకుంది. ఆయన మధ్యాహ్నం మూడు గంటల ఆరాధనకి పాటల కాగితాలు వరసగా పేరుస్తున్నారు.

"మాస్టారండీ, అది వేడికి పైకెళ్తుందండి. ఆదివారం తెల్లారగట్ల చల్లగా ఉంటుంది కదండి, కలుస్తుంది. ఇందాక లావణ్యతో కలిసింది."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "తెల్లారగట్ల బయల్దేరతాం. తోటలోంచి తిరిగొచ్చేసరికి ఎండెక్కుతుంది. అప్పుడో? ఎండతో పాటు క్వయరంతా పైకి పాకాలా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. వసారా మెట్లు దిగుతూ ఆ ప్రశ్నని కూడా వెంట తీసుకెళ్ళింది.

శనివారం ఊళ్ళో సంఘం వాళ్ళంతా సమాధులకి సున్నాలు వెయ్యడానికి పోయారు. రత్నమాణిక్యం తన వంతు సున్నం పొద్దున్నే వేసొచ్చి కొట్లో కూచుంది. ముందర బల్ల మీద పిల్లనగ్రోవి, రేకు కత్తెర, సన్న రంపం. స్వరం పైకి పోతే గొట్టం పొడుగు పెంచాలి, కిందికి పోతే తగ్గించాలి. ఆ మాత్రం ఆమెకి తెలుసు. పొడుగు పెంచుతూ తగ్గిస్తూ ఉండాలంటే గొట్టం రెండు ముక్కలై ఉండాలి, ఒకదాని మీద ఒకటి జారాలి. డబ్బాలకి జారే మూతలు ఆమె వేలకి వేలు చేసింది. కాకపోతే దానికోసం ఉన్న ఒక్క మంచి పిల్లనగ్రోవిని నడుముకి కొయ్యాలి.

రంపం ఆనించి తీసేసింది. మళ్ళీ ఆనించింది. కొత్తది చేద్దామంటే నెల రోజులు కావాలి, ఉన్నది ఒక్క పూట. ఊపిరి బిగబట్టి, నోటి చీలికకీ మొదటి బెజ్జానికీ మధ్య కోసేసింది. కోసిన చోట రెండు గోళ్ళ మందాన అంచు తగ్గించి, ఆకురాయితో నున్నగా రుద్దింది. పైన తొడగడానికి పల్చటి రేకు తొడుగు చుట్టింది. మొదటిది బిగుతైంది. రెండోది వదులై గాలి పోయింది. మూడోదానికి లోపల కొవ్వొత్తి మైనం పల్చగా పూసి తొడిగితే, బొటనవేలితో తోస్తే కదిలి, వదిలేస్తే నిలిచింది.

మధ్యాహ్నం లావణ్యని గుళ్ళోకి పిలుచుకెళ్ళింది. గురువారం లాంటి ఎండే. మొదట వణుకు. తొడుగుని వడ్లగింజంత లాగింది. వణుకు నెమ్మదించింది. ఇంకో అర గింజ. ఆగిపోయింది.

లావణ్య హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసేసింది. "అత్తా, ఇప్పుడే వెళ్ళి తాతయ్యకి చెబుతాను."

"చెప్పకు తల్లీ. ఒకసారి నలుగురి ముందు అనిపించుకున్నాను, చాలు. ఆయన తియ్యొద్దన్నారు, నేను అలాగేనన్నాను."

"మరి ఇంత కష్టపడి ఎందుకు చేసినట్టు?"

"ఆయన అడిగినదానికి జవాబు దొరికింది కదా" అంది రత్నమాణిక్యం. సగం నిజమే. మిగతా సగం, ఊదాలని ఆమెకి ప్రాణం పోతోంది.

ఆదివారం అయిదింటికి గుడి ముందు జనం చేరారు. ఆడవాళ్ళ తెల్ల చీరలు, పూల బుట్టలు, అగరొత్తుల వాసన. బుల్లబ్బాయి తొక్కే రిక్షాలో హార్మోనియాన్ని తాళ్ళతో కట్టారు, దాని వెనక పీట మీద లావణ్య సర్దుకుని కూచుంది. మాస్టారి చెయ్యి లేచింది. క్వయరు పాటెత్తుకుని కదిలింది. రత్నమాణిక్యం ఎప్పట్లాగే చివరి వరసల్లో శ్యామలాంబ పక్కన నడిచింది. పిల్లనగ్రోవి బొడ్లో దోపుకుని ఉంది. ఎందుకు తెచ్చిందో తనకే తెలీదు.

కాలవ వంతెన దగ్గరకి వచ్చేసరికే ముందు పాట వినపడటం మానేసింది. వెనకవాళ్ళు తలో దారీ పట్టారు. శ్యామలాంబకి డెబ్భై దాటాయి, గొంతు మాత్రం ఇంకా గట్టిది. మొదటి చరణం రెండోసారి ఎత్తుకోబోయి ఆగి, పక్కకి చూసింది.

"ఒసే రత్నం, ఆ బొడ్లోది తియ్యవే."

"మాస్టారు వద్దన్నారు పెద్దమ్మా."

"ఎక్కడ తియ్యొద్దన్నాడు?"

"ఆరాధనలో."

"ఆరాధన తోటలో కదా. ఇది కాలవ వంతెన. ఇక్కడ గేదెలు కూడా నడుస్తాయి. తియ్యి."

రత్నమాణిక్యం ముందుకి చెవి పెట్టింది. గాలి ఇటు మళ్ళినప్పుడు సన్న గొంతుల వరస లీలగా వినిపించింది, రెండో చరణం మొదలు. తియ్యటమా మానటమా అని ఇంక ఆలోచించలేదు. తీసింది, తొడుగు మొత్తం లోపలికి తోసింది, అదే చోట అందుకుని ఊదింది.

వెనక వరసలు ఉలిక్కిపడ్డాయి. తరవాత ఒక్కొక్కళ్ళే ఆ స్వరం పట్టుకున్నారు. శ్యామలాంబ పట్టుకుంది. మగవాళ్ళు పట్టుకున్నారు. చంకలో నిద్రపోతున్న పిల్లలు లేచారు. పాట వరస నుంచి వరసకి ముందుకి పాకి, మధ్యలో బిక్కచచ్చి పెదాలు మాత్రమే ఆడిస్తున్న వంద మందినీ లేపింది. రత్నమాణిక్యానికి కాళ్ళు నేల మీద ఆనటం లేదు. ఊపిరి తీసుకోవటానికి ఆగినప్పుడల్లా తనే నవ్వుతున్నట్టు తెలిసి, పెదాలు బిగించుకుని మళ్ళీ ఊదింది.

రైలు గేటు దగ్గర క్వయరూ, రిక్షా, ఇంకో నాలుగు వరసలూ పట్టాలు దాటాయి. గంట మోగింది. గేటు పడింది. ఏటా జరిగేదే. రాజమండ్రి వైపు నుంచి గూడ్సు బండి తాపీగా వచ్చింది, దానికి ఈస్టరూ లేదు, తొందరా లేదు. పెట్టె తరవాత పెట్టె, మోతకి నేల అదిరింది. ఇటువైపు జనం పాట తగ్గించబోయారు.

రత్నమాణిక్యం తగ్గించలేదు. గేటు దాకా ముందుకి నడిచి, గేటుకి దగ్గరగా నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది. చక్రాల సందుల్లోంచి అవతలి రోడ్డు కనిపిస్తోంది. అక్కడ తెల్ల అంగీల అంచులు వరసగా ఉన్నాయి. ఏటా ఈపాటికి అవి సమాధుల తోట మలుపు తిరిగి ఉండేవి. ఈసారి నడవటం లేదు. ఉన్నచోటే ఉన్నాయి.

చివర గార్డు పెట్టె దాటిపోయింది. మోత తగ్గింది. పట్టాలకి ఇటూ అటూ ఒకే మాట మీద, ఒకే స్వరం మీద ఉన్నారు. మాస్టారు వెనక్కి తిరిగి గేటు వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నారు, చెయ్యి ఊపుతూ. ఇటువైపు వాళ్ళకి ఆయన మొహం కనబడేలా పాడించటం అదే మొదటిసారి.

సమాధుల తోట గేటు ఇరుకు. క్వయరు లోపల సిలువ దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది, సంఘం గేటు దగ్గరే కొత్త సున్నాల మధ్య సర్దుకుంటుంది. రత్నమాణిక్యం పిల్లనగ్రోవి మళ్ళీ బొడ్లో దోపేసుకుంది. ఇది ఆరాధన. పాస్టరు అయ్యగారు వాక్యం చదివారు, క్వయరు నాలుగు గొంతులతో పాడింది, ఆమె అందరితో పాటు నోటితో పాడింది.

ఆశీర్వాదం అయ్యాక మాస్టారు జనంలోంచి దారి చేసుకుంటూ ఆమె దగ్గరికే వచ్చారు. రత్నమాణిక్యం చెయ్యి బొడ్లో పిల్లనగ్రోవి మీదికి పోయింది. శ్యామలాంబ ఒక అడుగు ముందుకి వేసి నిలబడింది, అవసరమైతే వంతెన సంగతి చెప్పడానికి.

"ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు" అన్నారాయన. పిల్లనగ్రోవి తీసుకుని కళ్ళజోడు సవరించుకుని చూశారు. తొడుగు బొటనవేలితో లాగారు, తోశారు, మళ్ళీ లాగారు.

"ఇదెప్పుడు చేశావు?"

"నిన్ననండి. ఎండెక్కితే ఏంటని అడిగారు కదండి."

లెక్క తప్పిన మాస్టారి మొహం ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. ఇప్పుడు మూడు వందల మంది చూశారు.

"గురువారం నేను రేకుని అన్న మాట తప్పు" అన్నారు, పక్కవాళ్ళకి కూడా వినబడేట్టుగానే. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను."

"అయ్యో, పర్లేదండి" అంది రత్నమాణిక్యం, గబగబా.

ఆయన పిల్లనగ్రోవి ఆమె చేతిలో పెట్టి వెనక్కి తిరిగారు. క్వయరు బయటికి నడవటానికి వరస కట్టి ఉంది. వాళ్ళు ముందు వెళ్ళాలని జనం ఏటా లాగే రెండు వైపులకీ తప్పుకుంటున్నారు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఎవరూ తప్పుకోవద్దు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే నడవండి. గేటు దగ్గరున్నవాళ్ళు ముందు. మేం వెనకాల వస్తాం."

తెల్ల అంగీలవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. శ్యామలాంబ అప్పటికే తిరిగి గేటు వైపు మొహం పెట్టేసింది. రత్నమాణిక్యం మాత్రం కదల్లేదు. సూర్యుడు కొబ్బరి చెట్ల పైకి వచ్చాడు, రేకు చేతిలో వెచ్చబడుతోంది. తొడుగు ఎంత లాగాలో గుడ్డిగా చెప్పటం కుదరదు.

"మాస్టారండీ," అంది, కొంచెం బెదురుగానే, "మీవాళ్ళని ఒకసారి స్వరం పట్టమంటారా? నేను దీన్ని కలుపుకోవాలి."

మాస్టారు క్వయరు వైపు చూసి చెయ్యెత్తారు. ముప్ఫై ఇద్దరూ ఆమె కోసం ఒక్క స్వరం పట్టారు. గురువారం చెవి మూసుకున్న అమ్మాయి కూడా పట్టింది. రత్నమాణిక్యం ఊది, విని, తొడుగు కొంచెం లాగి, తల అడ్డంగా ఊపింది.

"ఇంకొక్కసారండి."

మళ్ళీ పట్టారు. ఆమె తీరిగ్గా, కొట్లో పని చేసుకున్నట్టే, గింజలో సగం అంత వెనక్కి తోసి, మళ్ళీ ఊది, ఆ స్వరాల మధ్య ఎక్కడా వణుకు లేదని తేల్చుకుంది. అప్పుడు తలూపి, పాటెత్తుకుని, అందరికంటే ముందుగా రోడ్డు మీదికి నడిచింది.